గోడకు చెవి పెట్టిన పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు మొదట వినపడలేదు. ఉదయం బోట్లకు ఐసు ఎత్తే వేళ అది. మా ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు క్రషర్‌లో పడి పొడి అవుతుంటే పక్క మనిషి మాట పక్క మనిషికి తెలియదు. దిమ్మలు తోసే మేస్త్రి నా బల్ల ముందుకు వచ్చి పెదాలు కదిపాడు. నాకు అర్థం కాలేదని తెలిసి, వెనక్కి వెళ్లి మిషన్ ఆపి, మళ్లీ వచ్చి అదే మాట చెప్పాడు.

"అన్నా, మీ పక్కింటి పెద్దమ్మ పోయిందంట. మీ ఇంటామె ఫోన్ చేసింది. నువ్వు ఎత్తలేదంట."

మిషన్ ఆగేసరికి బయట ట్రాక్టరు దగ్గర నిలబడ్డ బోటు మనిషి లోపలికి తొంగి చూశాడు.

"ఏందన్నా ఆపేసినారు? ఆడ అలలు లేస్తా ఉండాయి."

మేస్త్రి చెప్పాడు.

"ఎవురు, చెవి ముసలామా?" అన్నాడు అతను. "మా ఆమె నీళ్లోసుకున్నప్పుడు మా వాకిట్లో నిలబడింది. చీపురు తీసినాను ఆ రోజు." తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. మిషన్ మళ్లీ వెయ్యమని అడగలేదు.

నేను ఫ్యాక్టరీలో రోజువారీ లెక్క రాసే మనిషిని. బడి నాకు మధ్యలోనే ఆగిపోయింది. మిగతా చదువు పాత పేపర్లు చూసి నాకు నేనే నేర్చుకున్నాను. మనిషిని గురించి రాయడం ఇదే మొదటిసారి. పెద్దమ్మ గురించి మా వీధిలో ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకుంటారు. కొందరు ఆమెకు దయ్యం పట్టిందన్నారు. కొందరు ఇప్పుడు దేవత అంటున్నారు. ఆమె పక్క ఇంట్లో ఇన్నేళ్లు ఉన్నవాణ్ని కాబట్టి, నేను చూసింది చూసినట్టు చెప్పడం నా బాధ్యత అనిపించింది.

మాది మైపాడు పక్కన సముద్రం ఒడ్డు కాలనీ. తుఫాను తర్వాత కట్టించిన జంట ఇళ్లు. రెండిళ్లకు మధ్య ఒకటే గోడ, అదీ సన్నది. ఇటు దగ్గితే అటు తెలుస్తుంది. అటు గిన్నె జారితే ఇటు ఉలిక్కిపడతాం. పెద్దమ్మ మాకు నెత్తురు బంధువు కాదు. మా నాయన ఆమెను వదినా అని పిలిచేవాడు, అందుకని నాకు పెద్దమ్మ, నా భార్యకు అత్త. చేపలు ఎండబెట్టి సంతకు పంపేది. పొట్టిగా, బిగువుగా ఉండే మనిషి. మాట మధ్యలో హఠాత్తుగా అరచెయ్యి లేపి "ఆగు" అనేది. తల కొంచెం ఎడమకు వంచేది. మనం నోరు మూసుకుని నిలబడాలి. గాలి, సముద్రం, ఎక్కడో కోడి. ఆమె విన్నదేదో వినేసి చెయ్యి దించితే అప్పుడు మన మాట మనం చెప్పుకోవాలి. ఎడమ చెవికి కమ్మ పెట్టుకునేది కాదు. గోడకు ఆనిస్తే గుచ్చుకుంటుందని తీసేసింది.

ఆమె అట్లా వినడం ఎప్పుడు మొదలైందో చెప్పాలంటే ముందు ఆమె కోడలి గురించి చెప్పాలి.

ఆ అమ్మాయి కావలి దగ్గరి పల్లె నుంచి వచ్చింది. మెల్లగా మాట్లాడేది, త్వరగా నవ్వేది. కడుపుతో ఉన్నప్పుడు ఆమెకు ఐసు మీద మనసు పడింది. చప్పరించడం కాదు, నమలడం. పెరటి గుమ్మంలో కూర్చుని గిన్నెలో ఐసు ముక్కలు పోసుకుని పటపటా నమిలేది. గవ్వల మీద చెప్పులతో నడిస్తే వచ్చే చప్పుడు. మాకది వింతగా తోచలేదు. కడుపుతో ఉన్న మనిషికి ఒళ్లు వేడి చేస్తుందని, చల్లనిది తింటే లోపల బిడ్డకు హాయిగా ఉంటుందని మా వైపు అనుకుంటారు. వీధి చివరే ఐసు ఫ్యాక్టరీ. అడిగినవాళ్లకు ఎవరూ లేదనరు. పెద్దమ్మే ఊకలో పొదిగిన ముక్కను గోనెపట్టాలో చుట్టి తీసుకుపోయేది. "మా కోడలికి వేడి తగ్గాల" అని పోతూ పోతూ అందరికీ చెప్పేది. కోడలి ముఖం రాను రాను తెల్లబడింది. నీడపట్టున ఉంది కదా, రంగు తేలుతోందని ఆడవాళ్లు మెచ్చుకున్నారు. బిందె ఎత్తి నాలుగడుగులు వేస్తే ఆయాసపడేది. మోసేది ఇద్దరి బరువు కదా అన్నారు.

కాన్పులో నెత్తురు ఆగలేదు. పెద్దాసుపత్రికి తీసుకుపోయే దారిలోనే చేతులు చల్లబడ్డాయని పెద్దమ్మ చెప్పింది. బిడ్డ కూడా దక్కలేదు. కర్మలు అయ్యాక కొడుకు గుజరాత్ బోట్ల మీదికి పనికి పోయాడు. ఏడాదికి ఒకసారి వచ్చేవాడు, వచ్చినా ఇంట్లో పడుకునేవాడు కాదు, ఒడ్డున వలల మీద పడుకునేవాడు.

పెద్దమ్మ ఒక్కతే మిగిలింది. కొన్నాళ్లకు నా భార్యతో ఆ మాట అంది. మాకు అప్పుడు కొత్తగా పెళ్లయింది.

"సందకాడ, దీపం పెట్టే యాళకి, మా వంటింట్లో నమలతా ఉండాది మ్మే."

"ఎలకలేమో అత్తా."

"ఎలక నమిలి ఊరుకుంటాది. ఇది మింగతా ఉండాది. మింగిన చప్పుడు గూడా వినపడతా ఉండాది."

నా భార్య వచ్చి నాకు చెప్పింది. దిగులు మీద ఉన్న మనిషి, ఏదో అంటుందిలే అన్నాను. కానీ ఆ సాయంత్రం నుంచి నేను ఇంటికి చేరగానే నాకు తెలియకుండానే గోడ వైపు చూసేవాణ్ని. గోడకు అవతల ఆమె చెవి ఆనించి ఉందని తెలుసు. ఒకసారి ఏదో ఇవ్వడానికి వాళ్ల ఇంట్లోకి వెళ్లినప్పుడు చూశాను. సున్నం మీద, ఆమె తల ఎత్తున, నూనె మరక గుండ్రంగా పడింది. రోజూ ఒకే చోట.

తర్వాత నా భార్య నీళ్లోసుకుంది. మూడో నెల దాటాక ఒక రోజు, "రేపు వచ్చేటప్పుడు రెండు ఐసు ముక్కలు తెస్తావా" అంది. టిఫిన్ క్యారేజీ గిన్నెలో వేసుకుని తెచ్చాను. మర్నాడు ఇంకాస్త అడిగింది. అప్పుడు మంచి ఎండలు. ఎవరికైనా తినబుద్ధి వేస్తుంది అనుకున్నాను. సర్కారువాళ్లు ఇచ్చిన రక్తం మాత్రలు కూడా మింగుతూనే ఉంది. వాటి వాసనకు కడుపులో తిప్పుతోందని టీతో మింగేది.

"ఈ మాత్రలకి బిడ్డ నల్లగా పుడతాడంట" అంది ఒక రోజు.

"నాకు పుట్టేది ఎట్టా పుడతాది మరి" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

శ్రీహరికోట నుంచి రాకెట్ పోతుందంటే మా కాలనీ మొత్తం ఇసుక దిబ్బ ఎక్కుతుంది. ఆ సాయంత్రమూ అంతే. దక్షిణం దిక్కున నారింజ రంగు చుక్క లేచింది, వెనక పొగ తోక. పిల్లలు కేకలు. నేను చుట్టూ చూస్తే పెద్దమ్మ కనపడలేదు. నా భార్య నడుం నొప్పిగా ఉందని ఇంట్లోనే ఉండిపోయింది. ఎందుకో రాకెట్ మబ్బుల్లో కలవకముందే నేను దిబ్బ దిగాను. వీధిలో ఒక్క మనిషి లేడు. అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయి. నడుస్తుంటే నా చెప్పుల చప్పుడు నాకే పెద్దగా వినపడింది.

మా గుమ్మంలో పెద్దమ్మ నిలబడి ఉంది. నా వైపు వీపు పెట్టి, ముందుకు వంగి, తల ఎడమకు వాల్చి. లోపల ఇంకా లైటు వెయ్యలేదు. ఆ చీకట్లో నుంచి చప్పుడు వస్తోంది. పటపట. కొంచెం ఆగి, గుటక. మళ్లీ పటపట.

రాకెట్ చప్పుడు మాకు ఆలస్యంగా చేరుతుంది. అప్పుడు చేరింది. భూమి లోపలి నుంచి వచ్చినట్టు బరువుగా. తలుపు గొలుసు ఊగింది, గిన్నెలు గలగలమన్నాయి. ఆ ఉరుములోనూ నమలడం ఆగలేదు.

"ఎవురు ఆ నమిలేది?" అంది పెద్దమ్మ, వెనక్కి తిరగకుండానే.

"మా ఆమే పెద్దమ్మా. ఐసు తింటా ఉండాది."

"లైటెయ్యి."

వేశాను. నా భార్య పొయ్యి గట్టుకు ఆనుకుని నేల మీద కూర్చుంది. ఒళ్లో గిన్నె. మమ్మల్ని చూస్తూనే నములుతోంది. ఆపాలని ఉన్నట్టు కళ్లు చెబుతున్నాయి, దవడలు వినడం లేదు. ఆ వెలుగులో ఆమె పెదాలకు రంగు లేకపోవడం నేను మొదటిసారి చూశాను.

"ఎన్నాళ్ల నించి మ్మే?"

"మూడో నెల నించి అత్తా."

పెద్దమ్మ గడప మీదే కూర్చుండిపోయింది.

"నాకు అంతకు ముందు నించే వినపడతా ఉండాది. మొదుట్లో మా వంటింట్లో. తర్వాత గోడ పక్కన. ఆ తర్వాత గోడలో. మొన్నటి నించి గోడకి ఈ పక్క. నడిచి మీ ఇంటికి వచ్చిండాది."

"నన్ను భయపెట్టబాకత్తా."

"భయపడు. నేను అప్పుడు భయపడలా."

పెద్దమ్మే లేచి, నా భార్య చేతిలోని గిన్నె తీసుకుని పెరట్లోకి పోయి ఇసుకలో పారబోసింది. అక్కడే నిలబడి, ఐసు కరిగి ఇసుకలో ఇంకిపోయేదాకా దాన్నే చూస్తూ ఉంది.

తెల్లారి మేము లేచేసరికి ఉతికిన చీర కట్టుకుని వాకిట్లో ఉంది. ఆటో కూడా పిలిచింది. నేను మంత్రగాడి దగ్గరికి అనుకున్నాను. మైపాడు అవతల ఒకాయన ఉన్నాడు. ఆటో ఎక్కాక నెమ్మదిగా అడిగితే నా వైపు చిరాగ్గా చూసింది.

"ఆయన కాడికి అప్పుడే పోయినాం అబ్బయ్యా. తాయెత్తు కట్టినాడు. తాయెత్తు జబ్బకి ఉండంగానే నా కోడలు పోయింది. ఆసుపత్రికి పోనీ."

ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ మా మాట సగం వింటూ ఏదో రాసుకుంటోంది. ఐసు అనే మాట రాగానే కలం కింద పెట్టింది. నా భార్య కింది రెప్ప వేలితో లాగి చూసింది. అరచేతులు తిప్పి చూసింది. వేలి కొస గుచ్చి నెత్తురు తీసి పరీక్షకు పంపింది. రక్తం ఏడు పాయింట్లు కూడా లేదని తేలింది.

"మాత్రలు మింగుతున్నావా తల్లీ?"

"మింగతా ఉండానమ్మా. టీతో."

నర్సమ్మ తల పట్టుకుంది. "టీ తాగితే మాత్రలో ఇనుము ఒంటికి పట్టదు. టీతోపాటు బయటికి పోతుంది. ఇంతకాలం నువ్వు మింగింది చాలావరకు వృథా."

ఐసు తినబట్టి నెత్తురు తగ్గిందా అని నేను అడిగాను. కాదంది. నెత్తురులో ఇనుము తగ్గబట్టే ఐసు అడుగుతోందంది. కొందరు బలపం అడుగుతారు, కొందరు మట్టి, కొందరు బియ్యం. ఒళ్లు ఎందుకు అట్లా అడుగుతుందో తమకూ పూర్తిగా తెలియదని, అడిగినప్పుడు మాత్రం పరీక్ష చెయ్యాలని చెప్పింది. ఇట్లాగే వదిలేస్తే బిడ్డ నెలలు నిండకుండా రావచ్చు, బరువు లేకుండా పుట్టవచ్చు. "కాన్పులో అందరికీ నెత్తురు పోతుంది. ఉన్నవాళ్లు తట్టుకుంటారు. ఈమెకు పోవడానికి కూడా లేదు" అంది.

పెద్దమ్మ గోడకు ఆనుకుని అంతా విన్నది. ఆఖర్న అడిగింది.

"నా కోడలికీ ఇదేనా నర్సమ్మా?"

నర్సమ్మ ఆమె వైపు తిరిగింది. "నేను ఆమెను చూడలేదు పెద్దమ్మా. ఆమె నెత్తురు ఎవరూ పరీక్ష చెయ్యకపోతే ఇప్పుడు నేను ఎట్లా చెప్పను?"

"చెప్పలేవులే" అంది పెద్దమ్మ. కోపంగా కాదు.

మాత్రలతో సర్దుకునే వ్యవధి లేదని, సెలైన్‌లో ఇనుము ఎక్కించాలని నెల్లూరు పంపారు. రోజు మార్చి రోజు బస్సులో పోయేవాళ్లం. సీసాలో మందు డికాక్షన్ రంగులో ఉండేది. పెద్దమ్మ మంచం కాళ్ల వైపు కింద కూర్చుని ఆ చుక్కల్నే చూసేది.

"దీంట్లో ఇనుమేనా?" అని అక్కడి నర్సును అడిగింది. ఇనుమే అని చెప్పాక, మంచం పక్కన ఖాళీగా ఉన్న స్టూలు దగ్గరికి జరిపి, దాని వైపు చూసి అంది. "కూర్చో మ్మే. నువ్వు గూడా చూడు."

పక్క మంచం మీది ఆమె లేచి కూర్చుంది. "ఎవురితో మాట్లాడతా ఉండావమ్మా?"

"మా కోడలితో."

"యాడుంది?"

"వస్తా పోతా ఉంటాది."

ఆమె దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకుంది. నా భార్య నవ్వు ఆపుకోలేక సెలైన్ చెయ్యి కదిలించి తిట్లు తింది. తర్వాత బస్సులో నాతో చెప్పింది. నవ్వానే గానీ ఆ స్టూలు వైపు మళ్లీ చూడబుద్ధి కాలేదంది.

మాత్రలు కూడా మానలేదు. వాటి సంగతి పెద్దమ్మే చూసుకుంది. గూడూరు నిమ్మకాయలు ఎక్కడి నుంచో సంచితో తెప్పించి, పిండిన నీళ్లు గ్లాసులో పోసి, నా భార్య ఎదుట కూర్చునేది. "మింగు. నోరు తెరువు. నాలిక ఎత్తు." టీ గ్లాసు కనపడితే అందుకుని తనే తాగేసేది. కొద్ది రోజుల్లోనే ఒక విచిత్రం జరిగింది. నేను అలవాటుగా ఐసు తెస్తే నా భార్య ఒక ముక్క నోట్లో వేసుకుని ఊసేసింది. "ఇందులో ఏముండాదని తిన్నాను? ఉత్త నీళ్లు" అంది. నెత్తురు లెక్క ఇంకా పూర్తిగా పెరగలేదు, కోరిక మాత్రం ముందే పోయింది. అట్లాగే జరుగుతుందని నర్సమ్మ చెప్పింది.

ఆ సాయంత్రం పెద్దమ్మకు చెప్పాను, ఇక ఆగింది అని.

"మీ ఇంట్లో ఆగింది" అంది. గోడ వైపు చూపించింది. "మా ఇంట్లో ఆగలా."

నర్సమ్మ చెప్పినట్టు నొప్పులు రాకముందే నెల్లూరు చేరాం. అయినా కాన్పు అనుకున్నదానికంటే ముందే వచ్చింది. ఉదయం లోపలికి తీసుకుపోయారు. నెత్తురు ఎక్కువ పోతోందని ఒక నర్సు పరుగున బయటికి వచ్చింది. రెండు సంచుల నెత్తురు ముందే తెప్పించి ఉంచారు కాబట్టి వెతుక్కోవలసిన పని పడలేదు. ఆ వరండాలో నేను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాను. పెద్దమ్మ బెంచీ మీద లేదు. మెట్ల కింద మూలకు పోయి, మోకాళ్ల మీద తల పెట్టి, రెండు చెవులూ రెండు అరచేతులతో గట్టిగా మూసుకుని కూర్చుంది. ఆమె చెవులు మూసుకోవడం నేను చూసింది అప్పుడే.

బిడ్డ ఏడుపు వచ్చింది, పిల్లి కూనలాగా సన్నగా. కాసేపటికి డాక్టరమ్మ వచ్చి చెప్పింది. తల్లికి గండం గడిచింది. బిడ్డ బరువు తక్కువే, కొన్నాళ్లు చూసుకోవాలి. మొదట్లో ఉన్న నెత్తురుతోనే కాన్పుకి వచ్చి ఉంటే మాట వేరుగా ఉండేది అంది. నేను వెళ్లి పెద్దమ్మ చేతులు ఆమె చెవుల మీది నుంచి తీశాను.

"ఆడపిల్ల పెద్దమ్మా."

"ఇద్దురూనా?"

"ఇద్దురూ."

మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను.

ఇంటికి వచ్చాక ఆమె గోడకు చెవి పెట్టడం మానేసింది. చాలా రోజులకు ధైర్యం చేసి అడిగాను, ఇంకా వినపడతా ఉండాదా అని.

"ఇంట్లో లేదబ్బయ్యా ఇప్పుడు" అంది, ఎండు చేపలు తిరగేస్తూ. "వీధిలో తిరగతా ఉండాది."

అప్పటి నుంచి ఆమె కూడా వీధిలో తిరగడం మొదలుపెట్టింది. ఎవరి ఇంట్లో ఎవరు నీళ్లోసుకున్నా, పొద్దు వాలే వేళకు వాకిట్లో వచ్చి నిలబడేది. పిలిచేది కాదు, లోపలికి వచ్చేది కాదు. తల వంచి వినేది. కాన్పులో కోడల్ని పోగొట్టుకున్న మనిషి, కడుపుతో ఉన్న పిల్ల ఉన్న ఇంటి ముందు దీపాల వేళ నిలబడితే ఎవరికి మాత్రం బాగుంటుంది? తలుపులు వేసుకున్నారు. పసుపు నీళ్లు చల్లారు. మా చెల్లెలి వరస అయ్యే ఒకామె కొంగు బిగించి బయటికి వచ్చింది.

"ఏంది ముసిల్దానా, మా ఇంటి మీద పడ్డావు? మీ ఇంట్లో జరిగింది మా ఇంట్లో జరగాల్నా?"

"జరగకూడదనే వచ్చిండా. నీ కోడల్ని ఒకసారి ఏదైనా కొరకమను, వింటా."

"కొరికితే నిన్నే కొరకతాది."

"కొరకమను. పంటి బలం తెలస్తాది."

వీధిలో నవ్వారు. అయినా ఆ కోడలు మర్నాడు మాత్ర మింగింది. భక్తితో కాదు, భయంతో. పెద్దమ్మ మళ్లీ వస్తుందేమోనని మిగతా ఇళ్లవాళ్లు కూడా ఆరోగ్య కేంద్రానికి ముందే పోయి పరీక్ష చేయించుకునేవాళ్లు. "చూపించుకుని వచ్చినాం, ఇంక మా వాకిట్లోకి రాబాక" అని దూరం నుంచే కేక వేసేవాళ్లు. సరే అన్నట్టు చెయ్యి ఊపి ఆమె వెనక్కి తిరిగేది. నా దగ్గరికి వచ్చి, ఫ్యాక్టరీలో ఐసు ముక్క ఏ ఇంటికి పోతోందో అడిగేది. మేస్త్రులకు నేనే చెప్పి పెట్టాను, కడుపుతో ఉన్నవాళ్లు అడిగితే ఇవ్వండి, ఇచ్చి పెద్దమ్మకు చెప్పండి అని. ఆమె పోయి నర్సమ్మకు చెప్పేది.

ఆమె వినికిడి ఎప్పుడూ నిజమే అయ్యేదని నేను చెప్పను. ఒకసారి ఒక పిల్లను ఆదరాబాదరాగా ఆసుపత్రికి తీసుకుపోతే, నెత్తురు నిండుగా ఉంది. ఆమె నమిలింది వేరుశనక్కాయ ముద్ద. నర్సమ్మ నవ్వింది, పెద్దమ్మ కూడా నవ్వింది. కానీ ఇంకొకసారి జరిగింది వేరు. పడమటి వరసలో ఒక అమ్మాయి ఉండేది. పెద్దమ్మ ఆ వాకిట్లో ఎన్నో సాయంత్రాలు నిలబడింది. లోపల నిశ్శబ్దం. ఏమీ లేదని తృప్తిగా వచ్చేసేది. ఆ పిల్ల పొయ్యిలో బూడిద తినేదని కాన్పు అయ్యాక తెలిసింది. బిడ్డ బాగా ముందుగా పుట్టింది. అద్దాల పెట్టెలో పెట్టారు, నిలవలేదు. తల్లి బతికింది. ఆ మాట విన్న రోజు పెద్దమ్మ మా గడప మీద కూర్చుని, నా భార్య ఇచ్చిన అన్నం ముట్టకుండా, ఒకటే మాట అంది.

"బూడిదకి చప్పుడు ఉండదు మ్మే."

ఆ తర్వాత వినడంతో ఊరుకోలేదు. నర్సమ్మ చూసినట్టు రెప్ప లాగి చూడటం నేర్చుకుంది. కనపడిన ఆడపిల్లనల్లా ఆపి, "పైకి చూడు" అనేది. బస్టాండులో, నీళ్ల ట్యాంకు దగ్గర, పెళ్లి పందిట్లో కూడా. మా అమ్మాయి బడి నుంచి స్నేహితురాళ్లను తీసుకొస్తే వాళ్లను వరసగా నిలబెట్టి చూసేది. ఇప్పటి నుంచే చూడాల, కడుపు వచ్చినాక కాదు అనేది. పిల్లలు నవ్వుకుంటూ రెప్పలు లాక్కుని వరసలో నిలబడేవాళ్లు.

పోయిన రోజు ఉదయం నా భార్య కాఫీ తీసుకుని వెళ్లి పిలిస్తే పలకలేదు. నిద్రలోనే పోయింది. ముఖం ప్రశాంతంగా ఉందని అందరూ అన్నారు. నాకు మాత్రం ఏదో శ్రద్ధగా వింటున్నట్టు కనపడింది.

కొడుకు బోటు సముద్రంలో ఉంది, ఫోను కలవలేదు. మధ్యాహ్నం దాకా చూసి పాడె లేపాం. కడుపుతో ఉన్నవాళ్లు శవాన్ని చూడకూడదని మా వీధిలో తలుపులు వేస్తారు. ఆ రోజు కూడా వేశారు. కానీ మేము పోతుంటే ఒక్కో తలుపు వెనక, చాలా దగ్గరగా, ఎవరో నిలబడి వింటున్నట్టు గాజుల చప్పుడు వచ్చేది.

సరుగుడు తోపు దగ్గర దింపుడు కల్లం. పాడె దించి, చనిపోయిన మనిషి చెవిలో అయినవాళ్లు మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఏ మూలైనా ఉంటే పలుకుతుందని. మావాళ్లలో ఆడవాళ్లు అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరుగుతారు. కొడుకు లేడు. ఎవరు పిలవాలని పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రక్తసంబంధం ఉన్నవాళ్లు పిలవాలి అన్నారెవరో.

నా భార్య ఎవర్నీ అడగలేదు. ఆడవాళ్లలోంచి వచ్చి పాడె పక్కన ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుంది. కమ్మ లేని ఆ చెవి మీద పడిన తెల్ల వెంట్రుకలు పక్కకు తీసింది.

"అత్తా" అంది. కొంచెం ఆగి, "అత్తా." మూడోసారి ఇంకా మెల్లగా, గోడ అవతలికి పిలిచినట్టు.

పిలిచినవాళ్లు లేచి పక్కకు రావాలి. ఆమె లేవలేదు. ఇంకా కిందికి వంగి, తన చెవిని పెద్దమ్మ నోటి దగ్గర పెట్టింది. డప్పు వాయించేవాళ్లు అప్పటికే ఆపేశారు. సరుగుడు చెట్లలో గాలి, దూరంగా సముద్రం, మా అందరి ఊపిరి. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. పాడె మోసేవాళ్లు భుజాల మీద తువ్వాళ్లు సర్దుకుని ఎదురుచూస్తున్నారు. నా భార్య కళ్లు మూసుకుని అట్లాగే వంగి ఉంది. ఆమె లేచేదాకా ఎవరూ చప్పుడు చెయ్యలేదు.